సూది వేయించినా కుక్కపిల్లకి జబ్బెందుకు వచ్చింది?

మా కావలిలో కొత్తగా కుక్కపిల్లని తెచ్చుకున్నవాళ్ళు ఎక్కువగా అడిగేది ఇదే: "ఒక సూది వేయించాం కదా, ఇంక భయం లేదు కదన్నా?" ఒక్క సూదితో భయం పోదు.

సమస్య: టీకా వేయించాం, అయినా వాంతులు, నెత్తురు విరేచనాలు

ఇది చాలావరకు పార్వో, అంటే కుక్కపిల్లల పేగుల్ని దెబ్బతీసే వైరస్ జబ్బు. తల్లి ముర్రుపాలతో పిల్లకి కొంత రక్షణ వస్తుంది. అది ఒంట్లో ఉన్నంతకాలం మనం వేయించిన టీకానీ సరిగా పనిచేయనివ్వదు. ఒక పిల్లలో ఎనిమిదో వారానికే తగ్గిపోతుంది, ఇంకో పిల్లలో పద్నాలుగో వారం దాకా ఉంటుంది. పైకి చూసి ఎవరూ చెప్పలేరు. అందుకే 6-8 వారాల వయసులో మొదటిది వేయించి, 3-4 వారాలకొకటి చొప్పున 16 వారాలు నిండేదాకా వేయిస్తూ పోవాలి. చివరి డోసు 16 వారాలు నిండాకే పడాలి. ఏడాదికి బూస్టరు. అప్పటిదాకా పిల్లని వీధిలోకి, చెత్తకుప్పల వైపు వదలొద్దు.

నా దగ్గర ఒకటి ఇలాగే పోయింది. రెండో సూది రోజున ఒంగోలులో పెళ్ళి పడితే వారం ఆగి వేయిద్దాం అనుకున్నాం. ఐదో రోజు పొద్దున దొడ్లో కుళాయి కింద తడి సిమెంటు మీద పొట్ట ఆనించి పడుకుని ఉంది. నీళ్ళ గిన్నె అంచు మీద గడ్డం పెట్టుకుంది గానీ ఒక్క గుక్క కూడా తాగలేదు. ఎండదెబ్బేమో అని మజ్జిగ పోశాం. ఆ ఒక్క పూట ఆలస్యమే దాని ప్రాణం తీసింది.

మీరు ఆ పొరపాటు చేయకండి. పార్వోని నేరుగా చంపే మందు లేదు. సెలైన్ ఎక్కించి, వాంతులు ఆపి, పిల్ల తట్టుకునేలా చూడటమే వైద్యం. అదే రోజు పశువుల ఆసుపత్రికి తీసుకెళ్తే బతికే పిల్లలు చాలానే ఉంటాయి.

సమస్య: కొత్త పిల్లని తెచ్చాం, దానికీ అదే జబ్బు

పాత పిల్ల తిరిగిన నేలలో ఆ వైరస్ నెలల తరబడి బతికే ఉంటుంది. ఫినాయిల్‌కి చావదు. నేల కడిగి, మురికి పోయాక, బట్టల బ్లీచ్ ద్రావణం ఒక వంతుకి 30 వంతుల నీళ్ళు కలిపి పోసి పది నిమిషాలు తడిగా ఉంచండి. అందులో ఫినాయిల్, యాసిడ్ లాంటివి కలపొద్దు. మట్టి దొడ్డికి ఇది సరిపోదు. అలాంటి ఇంటికి టీకాలన్నీ పూర్తయిన కుక్కనే తెచ్చుకోవాలి.

సమస్య: మందు మేమే కొని వేయించాం, పనిచేయలేదు

టీకా 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. నెల్లూరు మే ఎండలో మందుసీసాని బండి డిక్కీలో వేసుకొస్తే ఇంటికి చేరేసరికి దాంట్లో పస ఉండదు. ఫ్రీజర్‌లో పెట్టినా పాడవుతుంది. ఇంకో తప్పు, ఒక సీసాని రెండు పిల్లలకి సగం సగం వేయడం. పిల్ల ఎంత చిన్నదైనా సీసా మొత్తం ఒక్కదానికే. ఆసుపత్రిలోనే వేయించండి. ఒక సీసాలో తెల్లటి పొడి గడ్డలా ఉంటుంది, రెండో సీసాలోని ద్రవంతో కలిపి వెంటనే వేస్తారు. సీసా మీది స్టిక్కర్ కార్డులో అంటించమని అడగండి. బ్యాచ్ నంబరు, గడువు తేదీ దాని మీదే ఉంటాయి.

సమస్య: సూది తర్వాత నలతగా ఉంది

ఒకటి రెండు రోజులు మామూలే. మూతి, కళ్ళచుట్టూ వాచినా, ఆయాసం వచ్చినా అలర్జీ, వెంటనే డాక్టరు దగ్గరికి పరిగెత్తండి. మనం వేసుకునే జ్వరం మాత్రలు మాత్రం వేయొద్దు, కుక్కలకి విషం.

సమస్య: పొట్ట ఉబ్బి, ఒళ్ళు పట్టడం లేదు

ఏలికపాములు. నట్టల మందు రెండో వారం నుంచే మొదలుపెట్టాలి.

సమస్య: వానల తర్వాత కళ్ళు, చిగుళ్ళు పచ్చబడ్డాయి

అక్టోబరు, నవంబరు వానలకి మన వరిచేల పక్క ఊళ్ళలో ఎలుకలు తిరిగిన నీళ్ళు గుంటల్లో నిలుస్తాయి. ఎలుకల మూత్రం వల్ల లెప్టో (లెప్టోస్పైరోసిస్, ఎలుక జ్వరం) వస్తుంది, మనుషులకీ సోకుతుంది. లెప్టో కలిసిన టీకా రెండు డోసులు, తర్వాత ఏటేటా తప్పనిసరి. పచ్చబడిన కుక్కని చేతి తొడుగులు లేకుండా పట్టుకోవద్దు.

సమస్య: రేబిస్ టీకా ఇంకా వేయించలేదు, కుక్కపిల్ల మా పిల్లాడిని కొరికింది

పన్ను గీసుకున్నా తేలిగ్గా తీసుకోకండి. కారం, సున్నం అద్దొద్దు. కుళాయి నీళ్ళ కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రిలో పిల్లాడికి టీకా మొదలుపెట్టించండి. కుక్కపిల్లకి రేబిస్ టీకా మూడు నెలలు నిండగానే వేయించాలి. జూలై 6న జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకి సోకే జబ్బుల) దినం సందర్భంగా మన పశువుల ఆసుపత్రుల్లో ఉచితంగా వేస్తుంటారు. కార్డు వెంట తీసుకెళ్ళి తేదీ రాయించుకోండి.