మెయిల్ మన డిస్కు మీద – 3వ భాగం: డిలీట్ చేసినా ఫైలు ఎందుకు తగ్గదు?

పోయిన భాగంలో థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రాం మన మెయిల్స్, సెట్టింగ్స్ దాచుకునే ప్రొఫైల్ ఫోల్డర్ ఎక్కడుందో పట్టుకున్నాం. దారి మరిచిపోయినవాళ్లు హెల్ప్ మెనూలో ట్రబుల్‌షూటింగ్ ఇన్ఫర్మేషన్ తెరిచి, ప్రొఫైల్ ఫోల్డర్ ఎదురుగా ఉన్న ఓపెన్ ఫోల్డర్ బటన్ నొక్కండి. ఈసారి ఆ ఫైళ్లను విప్పి చూద్దాం.

అసలు ఇన్‌బాక్స్ జోలికి మాత్రం వెళ్లొద్దు. థండర్‌బర్డ్‌లో లోకల్ ఫోల్డర్స్ మీద రైట్ క్లిక్ చేసి, ఇంగ్లీషు అక్షరాల్లో ‘టెస్ట్’ అని ఒక కొత్త ఫోల్డర్ పెట్టండి. చదివేసిన మెయిల్స్ ఓ నాలుగైదు అందులోకి కాపీ చేయండి. వాటిలో ఒకటి తెలుగులో రాసినది, ఒకటి ఫొటో జతచేసినది ఉండాలి. థండర్‌బర్డ్ మూసేసి, ప్రొఫైల్లోని ‘మెయిల్’ ఫోల్డర్లో ‘లోకల్ ఫోల్డర్స్’ తెరిస్తే ‘టెస్ట్’ పేరుతో రెండు ఫైళ్లుంటాయి. ఒకదానికి ఎక్స్‌టెన్షన్ (పేరు చివర చుక్క తర్వాత వచ్చే అక్షరాలు) ఉండదు, రెండోది ఎంఎస్ఎఫ్ ఫైలు.

ఎక్స్‌టెన్షన్ లేనిదే అసలు సరుకు. దీన్ని ఎంబాక్స్ అంటారు, 1970ల నాటి యునిక్స్ ఏర్పాటు. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే మెయిల్స్ అన్నీ ఒకదాని కింద ఒకటి కనిపిస్తాయి. ‘ఫ్రమ్’ అనే మాట, దాని వెంటనే ఖాళీతో మొదలయ్యే వరుస వచ్చిందంటే కొత్త మెయిల్ మొదలైనట్టు. మరి మెయిల్ రాసినాయనే ఒక వరుసను ఆ మాటతో మొదలుపెడితే? దాని ముందు ‘>’ గుర్తు తగిలిస్తారు. మోటు పద్ధతే, కానీ ఇన్నేళ్లుగా పనిచేస్తోంది.

తెలుగు మెయిల్ కోసం వెతికితే చాలాసార్లు ఒక్క తెలుగు అక్షరమూ దొరకదు. టెన్షన్ పడకండి, ఫైలు పాడవలేదు. పాత మెయిల్ వ్యవస్థలు ఇంగ్లీషు అక్షరాలకే పుట్టాయి కాబట్టి తెలుగును బేస్64 అనే రూపంలోకి మార్చి పంపుతారు. అన్ని భాషల అక్షరాలనూ కంప్యూటర్లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ‘అ’కు 3 బైట్లు. బేస్64 ప్రతి 3 బైట్లనూ 4 ఇంగ్లీషు గుర్తులుగా మారుస్తుంది. అలా ‘అ’ కాస్తా ‘4ఎల్‌సీఎఫ్’ అవుతుంది. సబ్జెక్ట్ వరుసలో ‘4ఎల్‌సీ’తో మొదలయ్యే గజిబిజి కనిపిస్తే అక్కడున్నది తెలుగు మాటేనని గుర్తుపట్టొచ్చు. ఫొటోలకూ ఇదే లెక్క: 3 ఎంబీ ఫొటో ఈ ఫైల్లో 4 ఎంబీకి పైనే తింటుంది.

ఇప్పుడు ‘టెస్ట్’ ఫైలు సైజు రాసిపెట్టుకుని, థండర్‌బర్డ్ తెరిచి ఫొటో ఉన్న మెయిల్‌ని డిలీట్ చేసి, మళ్లీ మూసి చూడండి. సైజు తగ్గలేదు కదా! కిరాణా కొట్టు ఖాతా పుస్తకంలో బాకీ తీరిన పద్దు మీద గీత కొట్టినట్టే ఇదీ, పేజీ చించరు. ఆ మెయిల్ పైభాగంలో ‘ఎక్స్-మొజిల్లా-స్టేటస్’ అనే వరుస వెతకండి. చదివిన మెయిల్‌కి 0001 ఉంటే, చదివి తీసేసినదానికి 0009 ఉంటుంది. పైగా దాని కాపీ ఒకటి ట్రాష్ ఫైల్లో చేరింది. అంటే డిలీట్ నొక్కితే డిస్కు మీద జాగా పెరగకపోగా ఇంకాస్త తరిగింది. కంప్యూటర్ ఎవరికైనా అమ్మేముందు ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

జాగా నిజంగా తిరిగి రావాలంటే ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ‘కాంపాక్ట్’ నొక్కాలి. అప్పుడు గీత కొట్టనివాటిని మాత్రమే కొత్త ఫైల్లోకి ఎత్తిరాసి, పాతదాన్ని తీసేస్తుంది. అందుకే 10 జీబీ ఇన్‌బాక్స్‌ని కాంపాక్ట్ చేయాలంటే డిస్కులో ఇంచుమించు అంత ఖాళీ ఉండాలి. మధ్యలో కరెంటు పోయే చోట ల్యాప్‌టాప్ చార్జింగ్ చూసుకుని మొదలుపెట్టడం మేలు.

ఎంఎస్ఎఫ్ ఫైలు వట్టి సూచిక. మెయిల్స్ జాబితా చిందరవందరగా కనిపిస్తుంటే, థండర్‌బర్డ్ మూసి దాన్ని తీసేయొచ్చు. మళ్లీ తెరిచినప్పుడు తనే కొత్తది తయారుచేసుకుంటుంది. పొరపాటున పక్కనున్న ఎక్స్‌టెన్షన్ లేని ఫైలు తీసేస్తే మాత్రం సంగతి వేరు. మెయిల్స్‌ని సర్వర్ మీదే ఉంచే ఐమ్యాప్ అకౌంట్ అయితే అవి అక్కడి నుంచి మళ్లీ దిగుతాయి. మెయిల్స్‌ని మన కంప్యూటర్లోకి దించేసుకునే పాప్ అయితే ఆ మెయిల్స్‌కి మిగిలిన ఏకైక కాపీ అదే కావచ్చు.

మీది ఈ రెంటిలో ఏదో అకౌంట్ సెట్టింగ్స్‌లో ‘సర్వర్ టైప్’ దగ్గర చూసి రాసిపెట్టుకోండి. వచ్చే భాగంలో బ్యాకప్ మొదలుపెట్టేది అక్కడి నుంచే.