పీఓవీ పాఠాలు 3: కెమెరా ఎవరి కళ్ళు?

పోయిన పాఠంలో ఇచ్చిన పని చేశారా? పీఓవీ (పాయింట్ ఆఫ్ వ్యూ, ఎవరి చూపు అని) రాసున్న ఐదు రీల్స్ చూసి, ఒక్కోదాంట్లో కెమెరా ఎవరి కళ్ళో పక్కన రాసుకోమన్నా. చేసుంటే ఈపాటికి తల గోక్కునుంటారు, చాలావాటిలో ఆ లెక్క కుదరదు మరి, ఇవాళ్టి పాఠం అదే.

ముందు నా పరువు పోయిన కథ. నేనూ ఓ వీడియో తీశా, పైన "పీఓవీ: నీ మెసేజ్ చూసి కూడా ఫ్రెండ్ రిప్లై ఇవ్వలేదు" అని రాసి, కింద నేను మూతి ముడుచుకుని కూర్చోడం. మా అన్నయ్య కూతురు, టెన్త్ చదువుతోంది, చూసి ఒక్కటే అడిగింది: "బాబాయ్, రిప్లై రానిది నీకా, చూస్తున్న నాకా? నీ మొహం కనిపిస్తోందంటే ఇది నీ ఫోన్ పీఓవీ కదా?" నోరెత్తితే ఒట్టు.

పాయింట్ ఆఫ్ వ్యూ అసలు అర్థం, ఎవరి చోట నిలబడి చూస్తున్నామని. సినిమాలో ఇది మామూలుగా మూడు ముక్కల్లో వస్తుంది: మనిషి తలెత్తి చూస్తాడు, తర్వాత వాడు చూసేది మనకి కనిపిస్తుంది, మళ్ళీ వాడి మొహం. 1947లో వచ్చిన లేడీ ఇన్ ద లేక్ అనే సినిమాలో కథ దాదాపు అంతా డిటెక్టివ్ కళ్ళలోంచే నడుస్తుంది, ఆ సీన్లలో అతని మొహం చూడాలంటే అద్దమే దిక్కు. ఆ మూడో ముక్క లేకపోతే ఎంత వెలితిగా ఉంటుందో అందులో తెలిసిపోతుంది. గేములాడేవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు, 1993 నాటి డూమ్‌లో కూడా స్క్రీన్ కింద తుపాకీ పట్టుకున్న చెయ్యి కనిపిస్తుంది, ఆ చెయ్యి నీదే.

మరి పిల్లల భాషలో? అక్కడ పీఓవీ అంటే "ఇలా అనుకో" లేదా "ఇలాంటప్పుడు మన మొహం ఇలా ఉంటుంది" అని, అంతే. ఎందుకిలా తిరగబడిందంటే నా లెక్కలో సెల్ఫీ కెమెరా వల్లే, చేతిలో ఫోన్ మన మొహం వైపే తిరిగుంటుంది, పైగా చూసేవాళ్ళకి కావాల్సిందీ ఆ మొహమే, అంటే సినిమావాళ్ళ మూడో ముక్క ఒక్కటే మిగిలిందన్నమాట. తప్పని కొట్టిపారెయ్యను, వాడుక అయిపోయింది. కాకపోతే "పీఓవీ: నువ్వు" అన్నాక ఆ నువ్వు ఎవరో తేలకపోతే జోక్ సగం చస్తుంది.

ఒకటి చేసి చూద్దాం. "పీఓవీ: అర్ధరాత్రి ఫ్రిజ్ తెరిచావు." ఫోన్ ఫ్రిజ్ లోపల పెట్టి మన మొహం తీస్తే అది లోపలున్న నీళ్ళ సీసా పీఓవీ. (నిజానికి క్యాప్షన్‌లో కూడా "నువ్వు నీళ్ళ సీసావి" అని రాసేస్తే ఇంకా నవ్వొస్తుంది, పైగా కరెక్ట్ కూడా.) అసలుదే కావాలంటే ఫోన్ గడ్డం దగ్గర పట్టుకోండి, చీకట్లో కింద నుంచి చెయ్యి ఫ్రేమ్‌లోకి రావాలి, హ్యాండిల్ పట్టుకోవాలి, తలుపు తెరుచుకోగానే వెలుగు మొత్తం స్క్రీన్ మీద పడాలి. మొహం ఎక్కడా రాకూడదు.

ఇక మీ పని. నా రిప్లై వీడియోనే తీసుకోండి, క్యాప్షన్‌లో అక్షరం మార్చకుండా షాట్ మార్చండి, తర్వాత షాట్ అలాగే ఉంచి క్యాప్షన్ మార్చండి. రెండోది కష్టం. వచ్చే పాఠం అక్కణ్ణించే.