జంతువులను గుంపులుగా ఎలా విడదీయాలి? భావనపాడు ఒడ్డు నుంచి తేలినీలాపురం చెట్ల దాకా

వర్గీకరణ పాఠం అనగానే పిల్లలకు టెన్షన్. రాజ్యం, వర్గం, తరగతి అంటూ పేర్లు బట్టీ పడతారు, పరీక్ష అయ్యాక మర్చిపోతారు. పేర్ల సంగతి తర్వాత, ముందు చూడటం రావాలి. అందుకు శ్రీకాకుళం జిల్లాలో రెండు చోట్లు చాలు: భావనపాడు సముద్రతీరం, టెక్కలి దగ్గరి తేలినీలాపురం. నోటుబుక్కు, పెన్ను తీసుకుని పొద్దున్నే బయల్దేరండి.

మొదట పట్టిక గీయండి

వలలు ఒడ్డుకు చేరే వేళకి భావనపాడులో ఉండాలి. కనిపించిన జీవుల పేర్లు ఎడమవైపు రాయండి: కవళ్లు (సార్డైన్ చేపలు), సొర (షార్క్), టేకు (రే చేప), రొయ్య, పీత, జెల్లీ చేప. పై వరసలో ప్రశ్నలు రాయండి. వెన్నెముక ఉందా? దేనితో ఊపిరి పీలుస్తుంది? ఒంటిమీద పొలుసులా, ఈకలా, వెంట్రుకలా? గుడ్లు పెడుతుందా, పిల్లకు పాలిస్తుందా? రంగుకి, సైజుకి, ఉండే చోటుకి మాత్రం గడులు పెట్టకండి. నీళ్లలో ఉండేవన్నీ ఒకటే అనుకుంటే రొయ్య, తాబేలు, డాల్ఫిన్ ఒకే బుట్టలో పడతాయి.

వెన్నెముక దగ్గర రెండుగా చీల్చండి

రొయ్యకీ పీతకీ వెన్నెముక లేదు. ఒంటిని నిలబెట్టేది పైపెంకే. కాళ్లు కీళ్లు కీళ్లుగా ఉంటాయి. పీత డెక్కలతో కలిపి లెక్కపెట్టండి, పది కాళ్లు. రొయ్యకీ నడిచే కాళ్లు పదే. ఇవి కీళ్లకాళ్ల జీవులు, ఆర్థ్రోపోడా. బజారులో చేపల పక్కనే పోసి అమ్మినా, రొయ్య చేపకన్నా చీమకే దగ్గరి చుట్టం. జెల్లీ చేపకి పేరులోనే చేప ఉంది తప్ప వెన్నెముక లేదు, మొప్పలూ లేవు. ఒడ్డున చచ్చి పడున్నా దాన్ని ముట్టుకోవద్దు, కుట్టే కణాలు అప్పటికీ పనిచేస్తాయి.

పైపోలికను నమ్మకండి

ఇక్కడ తొందరపడొద్దు. టేకు చాపలా పరుచుకుని ఉంటుంది, సొర కోలగా ఉంటుంది. చూపుకి ఏ పోలికా లేదు. టేకుని వెల్లకిలా తిప్పండి: పొట్టవైపు మూతలేని మొప్పచీలికలు కనిపిస్తాయి. సొరకి అవే తలవెనక రెండు పక్కలా ఉంటాయి. కవళ్లకైతే మొప్పల మీద మూత ఉంటుంది. కోసిన ముక్క చూస్తే సొరలోనూ టేకులోనూ గట్టి ఎముక ఉండదు, అంతా మృదులాస్థే, మన చెవిలో ఉండే మెత్తటి ఎముకలాంటిది. కాబట్టి ఆ రెండూ ఒక గుంపు.

డాల్ఫిన్ అచ్చం సొరలా ఉంటుంది కదా అంటారు. సొర తోక పక్కలకి ఆడుతుంది, డాల్ఫిన్ తోక పైకీ కిందికీ. డాల్ఫిన్‌కి ఊపిరితిత్తులున్నాయి, పిల్లకు పాలిస్తుంది. అది మన గుంపు. స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ కూడా 1735లో తన వర్గీకరణ పుస్తకం ‘సిస్టెమా నేచురే’లో తిమింగలాలను చేపల్లోనే రాశాడు, 1758 నాటి దాని పదో కూర్పులో క్షీరదాల్లోకి మార్చాడు. మీ పట్టికలో కొట్టివేతలు ఉంటే ఉండనివ్వండి.

చలికాలంలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు మన తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తాయి. కాళ్లు తెడ్లలా ఉన్నా అది సరీసృపం. ఊపిరితిత్తులతో గాలి పీలుస్తుంది, గుడ్లు ఇసుకలో పెడుతుంది. ఈ ఒక్క సంగతి తెలిస్తే ఒడ్డున చచ్చిన తాబేళ్లు ఎందుకు కనిపిస్తాయో కూడా తెలుస్తుంది. వలలో చిక్కి గాలికోసం పైకి రాలేకపోతే దానికి ఊపిరాడదు. అలా పడున్న తాబేలుని చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

పెద్ద గుంపులోంచి చిన్న గుంపుకి దిగండి

ఇప్పుడు ఆ పాఠంలోని పేర్లు వాటంతటవే అర్థమవుతాయి. తాబేలునే తీసుకోండి: రాజ్యం జంతువులు, వర్గం కార్డేటా (వెన్నెముక ఉన్నవన్నీ ఇందులోవే), తరగతి సరీసృపాలు, క్రమం తాబేళ్లు, కుటుంబం సముద్రపు తాబేళ్లు, ప్రజాతి లెపిడోకెలిస్, జాతి ఆలివేసియా. కింద మెట్టుకి దిగేకొద్దీ జీవుల సంఖ్య తగ్గుతుంది, వాటి మధ్య పోలికలు పెరుగుతాయి. చివరి రెండూ కలిపితే దాని శాస్త్రీయ నామం.

తేలినీలాపురంలో పరీక్షించుకోండి

అక్కడ ఊరి చెట్ల మీద పెలికాన్లు, పెయింటెడ్ స్టార్కులు (చూపుకి కొంగల్లా ఉండే పెద్ద పక్షులు) గూళ్లు కడతాయి. బైనాక్యులర్ ఉంటే తీసుకెళ్లండి, గూళ్ల కిందికి వెళ్లకండి. పెలికాన్‌ని కొందరు గూడబాతు అంటారు, కొందరు గూడకొంగ అంటారు. ఏది సరి? కాళ్లు చూడండి. బాతుకి ముందున్న మూడు వేళ్ల మధ్యే పొర ఉంటుంది, పెలికాన్‌కి నాలుగు వేళ్లనూ పొర కలుపుతుంది. కాబట్టి అది బాతు కాదు.

కొంగ సంగతి మాత్రం కంటితో తేలదు. పొడవాటి కాళ్లు, పొడవాటి ముక్కు చూసి కొంగలనీ స్టార్కులనీ శాస్త్రవేత్తలు చాలాకాలం ఒకే క్రమంలో ఉంచారు. డీఎన్ఏ పోల్చి చూశాక కొంగలు పెలికాన్లకే దగ్గరని తేలింది. 2010 ప్రాంతంలో వాటిని పెలికాన్ల క్రమంలోకి మార్చారు. స్టార్కులు వేరే క్రమంగా మిగిలాయి. గూడకొంగ అన్న పేరే నిజానికి దగ్గరగా ఉంది.

తిరిగొచ్చే దారిలో పొలంగట్టున తెల్లకొంగ కనిపిస్తే పట్టికలో స్టార్కు పక్కన కాదు, పెలికాన్ పక్కన రాసుకోండి.