పాత సెల్లులు, ఉబ్బిన ఫోన్ బ్యాటరీలు ఎలా వదిలించుకోవాలి?

సామాన్లు పెద్దగా ఏం లేవు, మూతున్న ప్లాస్టిక్ డబ్బా, సెల్లోటేపు, అంతే. పచ్చడి డబ్బా ఖాళీ అయితే కడిగి ఆరబెట్టి వాడేయండి. బిస్కెట్ల రేకు డబ్బా మాత్రం వద్దు, రేకులో కరెంటు పాస్ అవుద్ది.

రిమోట్, గోడ గడియారాల్లో వేసే పెన్సిల్ సెల్లులు అయిపోతే రెండు చివర్లా టేపేసి డబ్బాలో పడేయండి. వీటికి టేపు అక్కర్లేదంటారు కొందరు, నేను ఒప్పుకోను. 9 వోల్టుల చదరపు బ్యాటరీకి, బటన్ సెల్లులకి అయితే వేసి తీరాల్సిందే, ఎందుకంటే 9 వోల్టుల దానికి ప్లస్సు మైనస్సు రెండూ పక్కపక్కనే ఉంటాయి, తాళంచెవి అడ్డంపడినా వేడెక్కిపోద్ది. డబ్బా పిల్లలకి అందని అల్మారాలో పెట్టండి. బటన్ సెల్ మింగితే 2 గంటల్లోనే గొంతు కింద అన్నం దిగే గొట్టం కాలిపోవచ్చు, మింగారేమోనని అనుమానమొచ్చినా సరే హాస్పిటల్‌కి తీసుకెళ్లిపోవాలి.

అసలు గొడవంతా ఉబ్బిన ఫోన్ బ్యాటరీతోనే. పవర్ బ్యాంకు కూడా ఇదే లెక్క. లోపల గ్యాస్ చేరి ఉబ్బుద్ది, దాన్ని నొక్కి సర్దుదాం అనుకున్నా, పిన్నుతో గుచ్చి గాలి తీద్దాం అనుకున్నా లోపలి పొరలు ఒకదానికొకటి తగిలి మంటలొస్తాయి. ఇంకోసారి ఛార్జింగ్ పెట్టొద్దు. వెనక మూత ఈజీగా రాకపోతే పీకొద్దు, ఫోన్ ఆఫ్ చేసి అలాగే ఉంచండి. ఉప్పు నీళ్లలో వేస్తే ఛార్జింగ్ దిగిపోద్దని వీడియోలు చూసి చేసేవాళ్లున్నారు, ఆ నీళ్లు బ్యాటరీ ప్లస్సు మైనస్సు చివర్లని తినేస్తాయి, గ్యాస్ కూడా వస్తది, దయచేసి ఆపండి. మట్టి మూకుట్లో పొడి ఇసుక పోసి, దాంట్లో పెట్టి, కర్టెన్లకి, గ్యాస్ బండకి దూరంగా నీడలో ఉంచి, అదే రోజు ఆ కంపెనీ సర్వీస్ సెంటర్‌కి పట్టుకెళ్లండి. బండి డిక్కీలో పడేసి బెజవాడ మే నెల ఎండలో బీసెంట్ రోడ్డంతా తిరగడం లాంటివి అసలు చేయొద్దు.

సర్వీస్ సెంటర్ వాళ్లు మేం తీసుకోం అంటే గట్టిగానే అడగండి, 2022 బ్యాటరీ రూల్స్ ప్రకారం పాతవి వెనక్కి తీసుకుని రీసైక్లింగ్‌కి పంపే బాధ్యత తయారుచేసిన కంపెనీదే. బ్యాటరీ మీద ఇంటూ గీత కొట్టిన చెత్తబుట్ట బొమ్మ ఉంటది చూడండి, మామూలు చెత్తలో వేయొద్దనే దాని అర్థం.

పెన్సిల్ సెల్లుల డబ్బా నిండితే చెత్త బండి వాళ్లకి విడిగా, ఇవి సెల్లులని చెప్పి ఇవ్వండి. తడి, పొడి చెత్త డబ్బాలు కాకుండా మున్సిపాలిటీ వాళ్లు మూడోదిగా ఇచ్చిన ఎర్ర డబ్బా ఇలాంటివాటికే, చాలా ఇళ్లల్లో దాంట్లో ఉల్లిపాయలుంటున్నాయి, అది వేరే సంగతి. ఫోన్ బ్యాటరీ మాత్రం దాంట్లో కూడా వేయొద్దు, లారీలో చెత్త నొక్కేటప్పుడు చితికితే లారీ అంటుకుంటది.

ఇన్వర్టర్ బ్యాటరీ కొత్తది కొనేటప్పుడు షాపులోనే ఎక్స్ఛేంజ్‌కి ఇచ్చేయండి, రేటు కూడా తగ్గిస్తారు. పాత సామాన్లవాడు నాలుగు రూపాయలు ఎక్కువిస్తానంటాడు, ఇంటి ముందే యాసిడ్ కాలవలో పారబోసి తీసుకెళ్తాడు, ఆ యాసిడ్‌లో కలిసున్న సీసం మన వీధిలోనే ఉండిపోద్ది. ఆటోలో తీసుకెళ్లేటప్పుడు నిలబెట్టే ఉంచండి, పక్కకి పడుకోబెడితే యాసిడ్ కారుద్ది.