వెండి నానోకణాలతో పాలిమర్ నానోతంతువుల తయారీ

నానోతంతువుల్లో, అంటే నానోమీటర్లలో కొలిచేంత సన్నని పోగుల్లో, వెండి కణాలను చేర్చడానికి ప్రధానంగా రెండు పద్ధతులున్నాయి: ముందే తయారైన కణాలను పాలిమర్ ద్రావణంలో కలపడం ఒకటి, వెండి లవణాన్ని కలిపి తంతువులోనే కణాలు ఏర్పడేలా చేయడం మరొకటి. మొదటి పద్ధతిలో కణాలు గుంపుకట్టి తంతువు పొడవునా సమంగా పరుచుకోవు కనుక, కొత్తగా మొదలుపెట్టేవారికి రెండోదే మేలు.

ఇందుకు పాలీవినైల్ ఆల్కహాల్ అనే పాలిమర్ అనువైనది. నీటిలోనే కరుగుతుంది కాబట్టి ఘాటైన ద్రావణులతో పని లేదు. 90 మిల్లీలీటర్ల అయాన్‌రహిత చల్లని నీటిలో 10 గ్రాముల పొడిని కలుపుతూ చల్లి, ఆ తరువాతే 80–90 డిగ్రీల సెల్సియస్‌కు వేడి చేయాలి. నేరుగా వేడినీటిలో వేస్తే ఉండలు కడుతుంది. పూర్తిగా కరిగి చల్లారాక, 0.1 గ్రాము సిల్వర్ నైట్రేట్ అనే వెండి లవణాన్ని కొద్దిపాటి నీటిలో కరిగించి చుక్కలు చుక్కలుగా కలపాలి. కుళాయి నీటిలోని క్లోరైడ్ వెండిని తెల్లని అవక్షేపంగా మార్చేస్తుంది కనుక ఆ నీరు పనికిరాదు. వెలుతురు తగలకుండా సీసాకు అల్యూమినియం రేకు చుట్టి ఉంచాలి. ద్రావణం పసుపు రంగుకు తిరుగుతోందంటే వెండి అయాన్లు అప్పుడే కణాలుగా మారుతున్నాయన్నమాట. చేతి తొడుగులు తప్పనిసరి, ఎందుకంటే చర్మంపై పడిన నల్లమరక రోజుల తరబడి పోదు.

తంతువులను ఎలక్ట్రోస్పిన్నింగ్‌తో, అంటే అధిక విద్యుత్ పీడనంతో ద్రావణాన్ని సూదినుంచి సన్నని ధారగా లాగే పద్ధతితో తీస్తారు. ఇందుకు సిరంజి పంపు వేగాన్ని గంటకు 0.5 మిల్లీలీటరు వద్ద, సూదికీ సేకరణ పలకకూ మధ్య దూరాన్ని 15 సెంటీమీటర్ల వద్ద ఉంచి, విద్యుత్ పీడనాన్ని 15–20 కిలోవోల్టుల దాకా నెమ్మదిగా పెంచాలి. ఇక్కడ అంకెలకన్నా సూది మొనపై ఉన్న బొట్టునే ఎక్కువగా నమ్మాలి: గుండ్రటి బొట్టు శంకువు ఆకారంలోకి సాగి, దాని కొననుంచి సన్నని ధార ఆగకుండా వెలువడితే అమరిక కుదిరినట్టే. బొట్లు కింద పడుతుంటే పంపు వేగం తగ్గించాలి. సూక్ష్మదర్శినిలో తంతువులపై పూసల్లాంటి ఉబ్బులు కనిపిస్తే ద్రావణం పలుచగా ఉందని గ్రహించి పాలిమర్ మోతాదు పెంచాలి. గాలిలో తేమ ఎక్కువైతే తంతువులు ఆరక ఒకదానికొకటి అతుక్కుంటాయి. పరికరాన్ని ఆపి, సూదిని ఎర్త్ తీగతో తాకించాకే దానిపై చేయి వేయాలి.

తీసిన పొరను 150–155 డిగ్రీల వద్ద కొన్ని నిమిషాలు వేడి చేస్తే వెండి అయాన్లు కణాలుగా మారి, తెల్లని పొర పసుపు, ఆపై గోధుమ వర్ణానికి తిరుగుతుంది. అతినీలలోహిత కాంతితోనూ ఈ మార్పు తేవచ్చు గాని, వేడి చేస్తే పాలిమర్ స్ఫటికత (అణువులు క్రమంగా అమరడం) పెరిగి పొర నీటికి కొంత తట్టుకుంటుంది. ఆ లాభం కాంతితో రాదు. ఏ తరంగదైర్ఘ్యపు కాంతిని పొర ఎంత పీల్చుకుంటుందో చూపే శోషణ వర్ణపటంలో 400–430 నానోమీటర్ల మధ్య శిఖరం కనిపిస్తే నానోకణాలు ఏర్పడినట్టు; వాటి పరిమాణం తెలియాలంటే ట్రాన్స్‌మిషన్ ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూడాలి.

మిగిలిన ద్రావణాన్ని సింకులో పోయక, వెండి వ్యర్థాలకు కేటాయించిన సీసాలో వేయాలి. ఆ సీసాలోకి అమ్మోనియా చేరనీయకూడదు. నిల్వలో పేలుడు స్వభావమున్న పదార్థం ఏర్పడవచ్చు.