టెర్మినల్ పాఠాలు – 4: సార్ట్‌తో వరసలు సర్దడం

కిందటి పాఠంలో టెర్మినల్లో, అంటే ఆదేశాలు టైపు చేసే కిటికీలో, క్యాట్ అనే ఆదేశంతో ఫైల్లో ఏముందో తెర మీద చూశాం. ఈసారి సార్ట్ అనే ఆదేశంతో ఆ వరసల్ని సర్దుదాం. ఆదేశాల్ని ఇక్కడ తెలుగులో రాస్తున్నాను కానీ, మీరు కీబోర్డు మీద ఇంగ్లిష్ చిన్న అక్షరాలే కొట్టాలి.

ధరలు అనే ఫైల్లో ఈ మూడు వరసలు పెట్టుకోండి. పేరుకీ ధరకీ మధ్య ఒక్క ఖాళీ.

బంగినపల్లి 90
చిన్నరసం 120
తోతాపురి 35

సార్ట్ ధరలు

చిన్నరసం, తోతాపురి, బంగినపల్లి అని వస్తాయి. చ, త, బ. పేచీ లేదు. కానీ మనక్కావాల్సింది ధర వరస. ధర ఉన్నది రెండో గడిలో:

సార్ట్ -కె 2 ధరలు

120, 35, 90 అని వచ్చిందా? కంప్యూటర్‌కి మతిపోలేదు. అవి అంకెలని మనం చెప్పలేదు కాబట్టి సార్ట్ వాటిని మామూలు అక్షరాల్లాగే చూసింది. ఎడమ నుంచి ఒక్కో గుర్తునీ పోలుస్తుంది. 1 తర్వాత 3, 3 తర్వాత 9, అక్కడితో తేలిపోయింది. వెనకాల ఇంకెన్ని అంకెలున్నాయో దానికి అనవసరం. విలువ చూడమని చెప్పడానికి ఎన్ కలపాలి:

సార్ట్ -కె 2 -ఎన్ ధరలు

ఇప్పుడు 35, 90, 120. ఖరీదైనది పైకి రావాలంటే -ఆర్ కూడా చేర్చండి.

ఇదంతా తెర మీదే. ఫైలు ఇంకా పాత వరసలోనే ఉంది. దాన్ని మార్చాలని మా ఇంట్లో పెళ్లి పిలుపుల జాబితా మీద నేనొకసారి ఇలా కొట్టాను:

సార్ట్ పిలుపులు > పిలుపులు

జాబితా మొత్తం మాయం! మళ్లీ రాయడానికి రెండు సాయంత్రాలు పట్టింది, అమ్మ చేత తిట్లు అదనం. తప్పు సార్ట్‌ది కాదు. > గుర్తు, ఫలితాన్ని తెర మీద కాకుండా దాని పక్కన పేరున్న ఫైల్లో రాయమంటుంది. అది కనపడగానే షెల్, అంటే మనం కొట్టిన ఆదేశాల్ని నడిపే ప్రోగ్రామ్, ఆ ఫైల్ని ముందే ఖాళీ చేసేస్తుంది, ఆ తర్వాతే సార్ట్‌ని పిలుస్తుంది. అది వచ్చేసరికి చదవడానికి ఏముంటుంది? ఈ పనికి -ఓ ఉంది. అన్నీ చదివేశాకే రాస్తుంది:

సార్ట్ -కె 2 -ఎన్ -ఓ ధరలు ధరలు

మొదటి ధరలు రాయాల్సిన చోటు, రెండోది చదవాల్సిన ఫైలు.

వచ్చే పాఠం లోపు, ఫైలు చివర్న దసేరి 90 అని చేర్చి, ధర వరసలో సర్ది చూడండి. అడుగున రాసిన దసేరి, అదే ధర ఉన్న బంగినపల్లిని దాటి ముందుకొస్తుంది. ఎందుకో ఆలోచించి ఉంచండి, అక్కణ్నుంచే మొదలుపెడదాం.