డ్రైయర్ కాలిపోతోందా? ముందు గాలి దారి చూడండి

బరంపురంలో వానలు పట్టాయంటే నాకు ఫోన్లు మొదలు. గోపాల్‌పూర్ సముద్రం దగ్గరే కాబట్టి గాలంతా చెమ్మ, దండెం మీద బట్టలు రెండు రోజులైనా ఆరవు. డ్రైయర్ ఉన్నవాళ్లు పొద్దున్నుంచి రాత్రిదాకా వేస్తూనే ఉంటారు. "బహుత గరమ హేఉఛి, ఓపాలి వచ్చి చూడు బాబూ" అని సగం ఒడియా, సగం తెలుగులో పిలుస్తారు. నేను వెళ్లేసరికి హీటర్ పోయిందని తీర్మానించేసి ఉంటారు. నేను చూసినంతలో హీటర్ తప్పు తక్కువ. వేడిగాలి బయటికి పోలేకపోవడమే ఎక్కువ.

ముందు ప్లగ్గు పీకి, అరగంట చల్లారనివ్వండి. నూగు పట్టే జాలీ తీయండి. దులిపితే చాలదు. పెద్ద బజారు దగ్గర ఒకింట్లో జాలీ చూడ్డానికి శుభ్రంగానే ఉంది. కుళాయి కింద పెడితే నీళ్లు దిగకుండా దాని మీదే నిలిచాయి. బట్టలు మెత్తగా ఉండాలని వేసే సాఫ్ట్‌నర్ జిడ్డు కంటికి కనపడని పొరలా పట్టేసింది. సబ్బునీళ్లు, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, ఆరబెట్టి పెట్టాం. ఒక్క పార్టూ కొనకుండానే బాగైంది.

తర్వాత వేడిగాలి బయటికి పోయే వెనక గొట్టం. మెషీన్‌ని గోడకు తోసేస్తే అది నలిగిపోతుంది. గొట్టం విప్పేసి, కిటికీ తెరిచి, దగ్గరే నిలబడి పది నిమిషాలు నడపండి. వేడి మామూలుగా ఉంటే తప్పు గొట్టానిదే. నూగు తీసేయండి, ప్లాస్టిక్‌దైతే అల్యూమినియంది వేయించండి.

అప్పటికీ తగ్గకపోతే లోపల ఫ్యాన్‌కి నూగు చుట్టుకుని ఉండొచ్చు, లేదా థర్మోస్టాట్ అంటుకుపోయి హీటర్‌ని ఆపడం మానేసి ఉండొచ్చు. ఇవి విప్పడం మెకానిక్ పని. ప్లగ్గు వేడెక్కుతుంటే అది వేరే సంగతి. 2000 వాట్ల మెషీన్ సుమారు 9 ఆంపియర్లు లాగుతుంది, దానికి 16 ఆంపియర్ల సాకెట్టే ఉండాలి. బాడీ ముట్టుకుంటే షాక్ కొట్టినట్టు జిల్లుమంటే మాత్రం మెయిన్ ఆపేసి, మళ్లీ వేయకండి.

ఒక్క విషయం బతిమాలి చెబుతున్నాను. మెషీన్ మరీ వేడెక్కితే కరెంటు ఆపేసే థర్మల్ ఫ్యూజు పోతే "డైరెక్ట్ చేసేయ్" అనకండి. కిందటేడు ఒక మెషీన్ విప్పితే ఫ్యూజు ఉండాల్సిన చోట వైరు ముక్క చుట్టి ఉంది. పక్కనున్న ప్లాస్టిక్ కరిగి జారింది, నూగు అంచులు మాడి గోధుమరంగుకి తిరిగాయి. పక్క గదిలో పసిపాప నిద్రపోతోంది. ఆ ఫ్యూజు ఊరికే పోదు, లోపల ఎక్కడో గాలి ఆగితేనో, థర్మోస్టాట్ చెడితేనో పోతుంది. ఆ కారణం సరిచేశాకే కొత్తది వేయించండి. వేశాక మొదటి లోడు అయ్యేదాకా ఇల్లు వదిలి వెళ్లకండి.